లెన్సు పొడవా... కొంగ జపమా?

పక్షుల్ని, జంతువుల్ని ఫొటో తీయాలంటే వేల డాలర్ల లెన్సు ఉండాల్సిందేనా? అమెరికాలో వీకెండ్‌కి కెమెరా భుజాన వేసుకునే మనవాళ్ల కోసం...

ఇల్లు, ఆఫీసు, ఇండియన్ స్టోరు... శనివారం వస్తే ఎవరో ఒకరింట్లో పాట్‌లక్. అమెరికాలో మన బతుకుచక్రం దాదాపు ఇంతే. ఇందులోంచి కాసేపు బయటపడదామని కెమెరా పట్టేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. పిల్లల బర్త్‌డే ఫొటోల కోసం కొన్న కెమెరా ఒకరోజు పెరట్లోకి వచ్చిన జింకవైపు తిరుగుతుంది. తర్వాత చెరువు గట్టు మీది కొంగ, ఆ తర్వాత గద్ద. సరిగ్గా అక్కడే తంటా మొదలవుతుంది. మన ఫొటోలో గద్ద ఆవగింజంత ఉంటుంది. పక్కన నిలబడ్డ పెద్దాయన చేతిలో మాత్రం ఫిరంగిలాంటి లెన్సు! 'అదే ఉంటేనా, మనమూ తీసేవాళ్లం' అనిపిస్తుంది.

థ్యాంక్స్‌గివింగ్ సేల్ వచ్చేసరికి ఇంట్లో చర్చ మొదలు. 600 ఎం.ఎం. ఎఫ్/4 లెన్సు అంటే 12 వేల డాలర్లకు పైమాటే. ఊళ్లో ఇంటి అప్పుకో, చెల్లెలి పెళ్లికో పంపాల్సిన సొమ్ము అది. అంత పెట్టి కొన్నాక కూడా గద్ద ఆవగింజలాగే కనిపిస్తే?

మా మాట ముందే చెప్పేస్తాం. చాలాచోట్ల డబ్బు కంటే ఒడుపు ఎక్కువ పనిచేస్తుంది. కొన్నిచోట్ల మాత్రం దగ్గరికి వెళ్లడం చట్టప్రకారం తప్పు, ప్రాణానికి ముప్పు. అక్కడ పొడుగు లెన్సే దిక్కు. ఏ చోట ఏది పనికొస్తుందో తెలిస్తే జేబూ బాగుంటుంది, ఫొటో బాగుంటుంది, ఆ జీవీ క్షేమంగా ఉంటుంది.

లెక్క సులువే

ఫొటోలో పక్షి ఎంత పెద్దగా పడుతుందో తేల్చేవి రెండు... లెన్సు పొడవు, మనకూ పక్షికీ మధ్య దూరం. 40 మీటర్ల దూరంలోని కొంగను 600 ఎం.ఎం. లెన్సుతో తీస్తే ఎంత పెద్దగా వస్తుందో, 20 మీటర్ల నుంచి 300 ఎం.ఎం.తో తీసినా అంతే వస్తుంది. అంటే దూరం సగం చేయగలిగితే లెన్సు పొడవు రెట్టింపైనట్టే. ఒకదానికి వేల డాలర్లు కావాలి. ఇంకోదానికి ఓపిక చాలు.

పైగా పొడుగు లెన్సు దూరాన్ని దగ్గరగా చూపిస్తుందే తప్ప మధ్యలో ఉన్న గాలిని తీసేయలేదు. ఎండలో తారురోడ్డు మీద గాలి అలలు అలలుగా కదలడం మనం చూసిందే. ఆ మరుగు కెమెరాలోనూ పడుతుంది. మధ్యాహ్నం పూట దూరంగా ఉన్న పక్షిని ఎంత ఖరీదైన లెన్సుతో తీసినా ఈకలు అలికేసినట్టు వస్తాయి. లెన్సు పాడైందనుకుని చాలామంది సర్వీసుకు కూడా పంపుతుంటారు. మంచుకాలంలో ఇంకో చిక్కు. కారులో హీటర్ వేసుకుని అద్దం దించి తీస్తే, లోపలి వేడిగాలి బయటి చలిగాలితో కలిసి అదే మరుగు పుట్టిస్తుంది. హీటర్ ఆపేసి, అద్దాలు దించి, కారు లోపల కూడా చల్లబడేదాకా ఆగితే సగం రోగం కుదురుతుంది.

టెలీకన్వర్టర్ సంగతీ అంతే. 1.4 రెట్లది పెడితే ఒక స్టాప్ వెలుతురు పోతుంది, 2 రెట్లదైతే రెండు స్టాపులు. తెల్లవారుజామున, సాయంత్రం పూట జంతువులు తిరిగే వేళకు అసలే వెలుతురు తక్కువ. అంటే పొడవు పెరిగినకొద్దీ కావలసిన వెలుతురు కరవవుతుంది.

కొంగను చూసి నేర్చుకుందాం

'కొంగ జపం' అంటే మన భాషలో దొంగ భక్తికి పేరు. కెమెరా పట్టినవాడికి మాత్రం అంతకు మించిన పాఠం లేదు. కొంగ చేప వెంట పరిగెత్తదు. చేప వచ్చే చోటు చూసుకుని, ఒంటికాలి మీద కదలకుండా నిలబడుతుంది. చేపే దగ్గరికొస్తుంది.

మనమూ అదే చేయాలి. పక్షి వైపు తిన్నగా నడిచివెళ్తే, దాని కళ్లకు మనం నక్కతోనో కుక్కతోనో సమానం. తల ఎత్తి చూసిందంటే మనల్ని పట్టేసిందని అర్థం. మేత ఆపేసిందంటే ఇబ్బంది పడుతోందని. అడుగు వెనక్కి వేయాల్సింది అప్పుడే, ఎగిరిపోయాక కాదు. అది ఎటు మేస్తూ కదులుతోందో కాసేపు గమనించి, ఆ దారిలో ముందే వెళ్లి కింద కూర్చుంటే చాలు. పది నిమిషాలు కావచ్చు, గంట కావచ్చు. దానంతటదే వస్తుంది. కూర్చుంటే ఇంకో లాభం కూడా ఉంది. కెమెరా దాని కళ్ల ఎత్తుకు దిగుతుంది, వెనక ఉన్న గడ్డీ నీళ్లూ దూరమై మెత్తగా కలిసిపోతాయి. నిలబడి తీసిన ఫొటోలో పక్షి వెనక కనిపించేది బురదే.

గాలి, వెలుగు చూసుకోవడం మరో కిటుకు. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగానే లేస్తాయి, ఎదురుగానే వాలతాయి. గాలీ సూర్యుడూ రెండూ మన వీపువైపు ఉండేలా నిలబడితే పక్షి మొహం మనవైపు ఉంటుంది, ఆ మొహం మీద వెలుగూ ఉంటుంది. జింకలాంటి వాటి విషయంలో దీనికి తలకిందులు. మన వాసన వాటికి తగలకూడదు కాబట్టి గాలి అటునుంచి మనవైపు వీచాలి. ఇదంతా మనకు తెలియని విద్యేమీ కాదు. పొలాల్లో మాటు వేసినవాళ్లకు, చెరువుల్లో వల వేసినవాళ్లకు పుట్టుకతో వచ్చిందే.

కానీ చాటుగా ఉండాలన్న తొందరలో ఒక సంగతి మరవొద్దు. చాలా నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజీల్లోనూ, రాష్ట్రాల అడవుల్లోనూ సీజన్‌లో వేటకు అనుమతి ఉంటుంది. ఆ రోజుల్లో ఆకుపచ్చ చొక్కా వేసుకుని పొదల్లో దూరడం చావును పిలవడమే. నారింజ రంగు జాకెట్టు తప్పనిసరి. జింక కంటికి ఆ రంగు మనకు కనిపించినంత కొట్టొచ్చినట్టు కనిపించదు కూడా. ఈశాన్య రాష్ట్రాల్లో పేలలాంటి టిక్ పురుగుల వల్ల లైమ్ జబ్బు వస్తుంది. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోవడం, ఇంటికి రాగానే ఒళ్లంతా చూసుకోవడం మంచిది.

వందేళ్ల కిందటి పడవ

ఈ విద్యకు అమెరికాలో ఆద్యుల్లో ఒకరు జార్జ్ షిరాస్. 1859లో పుట్టిన ఈయన వృత్తికి లాయరు, ఒక దఫా కాంగ్రెస్ సభ్యుడు కూడా. ఇప్పటిలాంటి లెన్సులూ ఆటోఫోకసూ లేని కాలంలో మిషిగన్ సరస్సుల మీద రాత్రిపూట చిన్న పడవలో తిరుగుతూ జింకల్ని ఫొటో తీశాడు. పడవ ముందు భాగంలో దీపం పెట్టుకుని చప్పుడు లేకుండా సాగడం ఆయన కనిపెట్టిందేమీ కాదు. అక్కడి ఆదివాసులైన ఒజిబ్వేల వేట పద్ధతి. వాళ్లు బాణమో తుపాకో వాడే చోట ఈయన కెమెరా, మెగ్నీషియం పొడి ఫ్లాషు వాడాడు. నేలమీద దారం కట్టి, జంతువు కాలు తగలగానే దాని ఫొటో అదే తీసుకునే ఏర్పాటూ చేశాడు.

1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన ఫొటోలు 74 వేసింది. ఆ ఫొటోల వెనక ఉన్నది పరికరం కంటే పడవ నడిపే ఒడుపే. అయితే ఆ దీపం పద్ధతి ఇవాళ పనికిరాదు. ఎల్లోస్టోన్‌లో రాత్రిపూట జంతువుల మీద లైటు వేయడం నిషిద్ధం.

మన ఊళ్ల చుట్టుపక్కల

అడవంటే అలాస్కాకే పోనక్కర్లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్ల పక్కనే చిన్న లెన్సుతో పనయ్యే చోట్లు బోలెడు.

న్యూజెర్సీ వాళ్లకు అట్లాంటిక్ సిటీ దగ్గర ఎడ్విన్ బి. ఫోర్సైత్ రెఫ్యూజీ ఉంది. అందరూ బ్రిగంటీన్ అంటుంటారు. ఇక్కడ 8 మైళ్ల మట్టిరోడ్డు నీళ్ల మధ్యగా సాగుతుంది. శీతాకాలం ముందు తెల్ల బాతులు, స్నో గీస్, వేలల్లో దిగుతాయి. ఇక్కడ కారే మన చాటు. తలుపు తెరవనంతసేపు పక్షులు కారును పట్టించుకోవు, మనిషి దిగగానే లేస్తాయి. ఇంజను ఆపేసి, కిటికీ అంచు మీద చిన్న గుడ్డసంచిలో కిలో బియ్యమో కందిపప్పో పోసి పెట్టుకుంటే లెన్సు కదలదు. దుకాణంలో దాన్నే బీన్‌బ్యాగ్ పేరుతో అమ్ముతారు.

కాలిఫోర్నియా బే ఏరియాలో పాలో ఆల్టో బేలాండ్స్, ఫ్రీమాంట్ పక్కన కొయొటి హిల్స్, డాన్ ఎడ్వర్డ్స్ రెఫ్యూజీ ఉన్నాయి. ఇక్కడి కిటుకు సముద్రపు పోటు. ఆటు వేళ పక్షులు బురదలో ఎక్కడో దూరాన మేస్తుంటాయి. ఎంత పొడుగు లెన్సూ చాలదు. పోటు మొదలయ్యాక నీళ్లు వాటిని ఒడ్డువైపు తోసుకొస్తాయి. పోటు వేళలు ముందే ప్రకటిస్తారు. దానికి గంటా రెండు గంటల ముందే వెళ్లి గట్టు మీద కూర్చుంటే నీళ్లే మన పని చేసిపెడతాయి.

హ్యూస్టన్ వాళ్లకు హై ఐలాండ్ దగ్గర. హ్యూస్టన్ ఆడుబాన్ వాళ్ల స్మిత్ ఓక్స్‌లో చెరువు మధ్య దీవి మీద గులాబీ రంగు స్పూన్‌బిల్ కొంగలు గూళ్లు కడతాయి. చుట్టూ నీళ్లలో మొసళ్లలాంటి ఆలిగేటర్లు. గుడ్లు దొంగిలించే రకూన్లు ఆ నీళ్లు దాటి రాలేవు కాబట్టి కొంగలకు అవే కాపలా! ఎదురుగా చూసేందుకు వేదికలు కట్టారు. 300 ఎం.ఎం. లెన్సున్నవాళ్లు కూడా నిరాశగా తిరిగిరారు. ఏప్రిల్‌లో సముద్రం దాటి వచ్చే చిన్న పిట్టలు ఎదురుగాలి, వాన తగిలితే అలసిపోయి ఇక్కడి చెట్ల మీద కుప్పలుగా దిగుతాయి. అప్పుడవి చేతికందేంత దగ్గరగా ఉన్నా తరమకూడదు. వాటికి కావలసింది తిండీ విశ్రాంతీ.

ఫ్లోరిడాలో ఎవర్‌గ్లేడ్స్ పార్కులోని అన్హింగా ట్రెయిల్ మీద నడిచే మనుషులకు పక్షులు అలవాటు పడిపోయాయి. అక్కడైతే లెన్సు పొడవు ఎక్కువై వెనక్కి జరగాల్సి వస్తుంది.

గద్దకు కావాలి గద్దంత లెన్సు

ఇప్పుడు రెండో వైపు. మేరీలాండ్‌లో సస్క్వెహానా నది మీద కొనోవింగో డ్యామ్ ఉంది. నవంబరు వచ్చిందంటే తెల్ల తల గద్దలు, బాల్డ్ ఈగిల్స్, అక్కడ గుంపులుగా చేరతాయి. టర్బైన్ల గుండా వచ్చి తిమ్మిరెక్కిన చేపలు వాటికి విందుభోజనం. గద్దలు నది మధ్యలో పట్టుకుంటాయి, మనం ఒడ్డున కంచె వెనక ఉంటాం. ఎంత ఒడుపున్నా నీళ్ల మీద నడవలేం కదా! ఇక్కడ 500, 600 ఎం.ఎం. లెన్సున్నవాళ్లదే రాజ్యం.

అయినా ఒడుపుకు పనిలేకపోలేదు. నీళ్లు వదలబోయే ముందు సైరన్ మోగుతుంది. తెలిసినవాళ్లు కాఫీ కప్పు పక్కన పెట్టి కెమెరా ఎత్తేది అప్పుడే. అన్నట్టు, కారు జాగ్రత్త. అక్కడి నల్ల రాబందులకు వైపర్లు, అద్దాల చుట్టూ ఉండే రబ్బరు పీక్కుతినే అలవాటుంది. తెలిసినవాళ్లు కారుకు టార్పాలిన్ కప్పుతారు.

ఈ గద్దల కథ తెలిస్తే దూరం ఎందుకు పాటించాలో అర్థమవుతుంది. 1963లో అలాస్కా, హవాయి కాక మిగతా అమెరికా మొత్తంలో గూళ్లు కట్టిన జంటలు 417 మాత్రమే మిగిలాయి. 1972లో డీడీటీని నిషేధించారు, చట్టాలు గట్టిగా అమలుచేశారు. 2007 నాటికి ముప్పున్న జీవుల జాబితా నుంచి తీసేయగలిగారు. 2024 డిసెంబరులో ఈ గద్దను అధికారికంగా జాతీయ పక్షిని చేశారు. 1940 నాటి చట్టం ప్రకారం గద్దను చంపడమే కాదు, గూటి దగ్గర చెదరగొట్టడం కూడా నేరమే. గూడు కట్టే కాలంలో నడిచి వెళ్లేవాళ్లు కనీసం 330 అడుగుల దూరంలో ఉండాలని ప్రభుత్వ సూచన. అక్కడ 'ఇంకో నాలుగడుగులు' అన్న మాటే రాకూడదు.

వంద గజాల గీత

ఎల్లోస్టోన్ పార్కులో గీత ఇంకా స్పష్టం. ఎలుగులకు, తోడేళ్లకు 100 గజాలు, అడవిదున్నల్లాంటి బైసన్, ఎల్క్ వంటివాటికి 25 గజాలు. 1995, 96లలో కెనడా నుంచి 31 తోడేళ్లను తెచ్చి ఇక్కడ వదిలారు. వాటిని చూడటానికి లామర్ లోయలో తెల్లవారకముందే జనం టెలిస్కోపులతో నిలబడతారు. చాలాసార్లు తోడేలు మైలు దూరంలో ఉంటుంది. అంత దూరానికి 12 వేల డాలర్ల లెన్సు కూడా చాలదు. మంచులో కొండ, దాని ముందు నల్లటి చుక్కల వరస... అలా పరిసరాలతో కలిపి తీసినవే అక్కడ మంచి ఫొటోలవుతాయి. కాకుల్లాంటి రేవెన్లు ఒకచోట గుంపుగా ఎగురుతుంటే అక్కడ కళేబరం ఉందని, తోడేళ్లు రావచ్చని పాతకాపులకు తెలుసు. ఇదీ ఒడుపే.

గీత దాటితే ఏమవుతుంది? 2015లో ఎల్లోస్టోన్‌లో బైసన్ ఐదుగురిని గాయపరిచింది. వారిలో ముగ్గురు మూడు నుంచి ఆరడుగుల దూరంలో ఫొటోలు తీస్తున్నారు. గడ్డి మేస్తూ మన ఊరి గేదెలా కనిపించే ఆ జంతువు గంటకు 35 మైళ్ల దాకా పరిగెత్తగలదు. తోక పైకి లేపిందంటే వెనక్కి తగ్గాల్సిందే. 2021 మేలో పిల్లలతో ఉన్న గ్రిజ్లీ ఎలుగు కనబడితే మిగతావాళ్లంతా కార్లవైపు తప్పుకున్నారు. ఒక పర్యాటకురాలు మాత్రం కదలకుండా ఫొటోలు తీసింది. ఎలుగు మీదికొచ్చినట్టే వచ్చి ఆగింది. ఆమెకు కోర్టు 4 రోజుల జైలు, 1,000 డాలర్ల జరిమానా, ఏడాది పాటు పార్కులోకి రాకుండా నిషేధం విధించింది.

వీసా మీద ఉన్న మనకు ఇది ఇంకాస్త బరువైన సంగతి. వీసా దరఖాస్తులో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా' అన్న ప్రశ్న ఉంటుంది. గ్రీన్‌కార్డు దగ్గరా ఉంటుంది. ఒక ఫొటో కోసం ఆ గడిలో 'అవును' అని రాయాల్సి రావడం ఎంత ఖరీదో చెప్పనక్కర్లేదు. నేషనల్ పార్కుల్లో డ్రోన్లు ఎగరేయడం కూడా 2014 నుంచి నిషిద్ధం. అలాంటి నోటీసేదైనా అందితే జరిమానా కట్టేసి మరిచిపోకుండా ముందు లాయరుతో ఒక మాట మాట్లాడాలి.

నష్టం మనకే అయితే సరే. 2016లో అదే పార్కులో బైసన్ దూడ చలికి వణుకుతోందని జాలిపడి పర్యాటకులు కారులో ఎక్కించుకున్నారు. తర్వాత మంద దాన్ని చేర్చుకోలేదు. అది మనుషుల వెంట, కార్ల వెంట పడుతుంటే చివరికి పార్కు వాళ్లే చంపేయాల్సి వచ్చింది. జాలితో దగ్గరికి పోయినా, ఫొటో కోసం పోయినా బలయ్యేది అదే.

మరి ఏం కొనాలి?

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు బైనాక్యులర్స్ కొనడం మేలు. చూడటం వచ్చాకే తీయడం. తర్వాత ఉన్న 70-300 లాంటి లెన్సుతోనే ఒక ఏడాది ఒకే చెరువుకు పోయి చూడండి. ఏ పక్షి ఏ వేళకు ఎక్కడ వాలుతుందో తెలుస్తుంది. అది తెలియకుండా కొన్న లెన్సు అల్మారాలో కూర్చుంటుంది.

ఇంకా కావాలనిపిస్తే 150-600, 200-600 రకం జూమ్‌లు సుమారు వెయ్యి నుంచి రెండున్నర వేల డాలర్లలో దొరుకుతాయి. వాడినవైతే ఇంకా తక్కువ. మన అవసరానికి ఇవి ధారాళంగా సరిపోతాయి. ఎల్లోస్టోన్, కొనోవింగోలాంటి ప్రయాణం ఏడాదికి ఒకటైతే పెద్ద లెన్సు ఆ వారానికి అద్దెకు తెచ్చుకోవచ్చు. 600 ఎఫ్/4 లెన్సు మూడు కిలోలుంటుంది. చంకలో పాప, చేతిలో అది... కుదిరే పని కాదు!

పాతిక డాలర్లు మాత్రం తప్పకుండా పెట్టాల్సింది ఒకటుంది, ఫెడరల్ డక్ స్టాంప్. 1934 నుంచి ఉన్న ఈ స్టాంపుతో ప్రవేశ రుసుం ఉన్న నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజీలన్నిటికీ జులై నుంచి మరుసటి జూన్ దాకా ఉచితంగా వెళ్లొచ్చు. ఆ డబ్బులో దాదాపు అంతా చిత్తడి నేలల రక్షణకే పోతుంది. పిట్ట కూత విని పేరు చెప్పే కార్నెల్ వాళ్ల మెర్లిన్ యాప్ ఉచితం. కానీ ఫోన్లో కూత పెట్టి పిట్టను రప్పించడం, ముఖ్యంగా గూళ్ల కాలంలో, వద్దు. పోటీ పక్షి వచ్చిందనుకుని అది గుడ్లు వదిలి తిరుగుతుంది.

ఊరెళ్లినప్పుడు

సెలవుల్లో ఇండియా వెళ్లినప్పుడు కెమెరా వెంట ఉంటే గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు చూసి రండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి పక్కనే గూళ్లు కట్టుకుంటాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులో కూడా అంతే. ఆ పక్షులు మనుషులకు అంత దగ్గరగా ఉండటానికి కారణం ఏ లెన్సూ కాదు. ఊరివాళ్లు వాటి జోలికి పోరు, ఇతరుల్ని పోనివ్వరు. నేలపట్టులో పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని రైతులకు తెలుసు. తరాల నమ్మకం మీద తగ్గిన దూరం అది.

అమెరికాలోనైనా సూత్రం అదే. భయపెట్టనివాడికే జీవి దగ్గరవుతుంది. నైట్ షిఫ్ట్ ముగించుకుని గ్యాస్ స్టేషన్ నుంచో, మోటెల్ నుంచో ఇంటికొచ్చే మనవాళ్లకు తెల్లవారుజాము కొత్తేం కాదు. ఈ శనివారం ఉన్న కెమెరాతోనే దగ్గర్లోని చెరువుకు పోయి, సూర్యుణ్ని వీపున పెట్టుకుని ఒక గంట కదలకుండా కూర్చోండి. లెన్సు చాలదో, ఓపిక చాలదో ఆ గంటలో తేలిపోతుంది. కార్డు గీకేది ఆ తర్వాతే.